అబ్రాహాము మనకు ఏమి వరుస?

పాఠ్యభాగములు: ఆదికాండము 12:1–4, 15:1–6, రోమా 4:9–17, 11:11–36, ఎఫెసీ 2:11–22
కంఠత వాక్యము: రోమా 11:18



శ్రీకాళహస్తికి దగ్గరనున్న ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసి అందరు చెట్టు నీడకు వచ్చిన తరువాత, ఒక అవ్వ చేతికఱ్ఱ ఊతగా నాయొద్దకు వచ్చి నిలిచెను. ఆమెకు చదువు రాదు. అయినను వాక్యము వినుటలో ఆమెకు సాటివారు ఆ సంఘములో లేరు. “అయ్యగారూ, ఈ పొద్దు అబ్రాహాము మన తండ్రి అని చెప్తిరి గదా. ఆయనేమో యూదులకు పెద్ద. మనమేమో ఈ స్వర్ణముఖి ఒడ్డున పుట్టినోళ్లం. ఆయన మనకు ఏమి వరుసయితాడు?” అని అడిగెను.

మన పల్లెలకు క్రొత్త మనిషి వచ్చినప్పుడు మొదట అడుగు ప్రశ్న ఇదియే గదా. ఏ ఊరు, ఎవరి బిడ్డ, మనకు ఏమి వరుస? వరుస తెలిసినగాని ఆ మనిషిని ఎట్లు పిలువవలెనో, ఎక్కడ కూర్చుండబెట్టవలెనో తెలియదు. ఆ దినమున నేను బస్సు వేళయైనదని తొందరపడి, “విశ్వాసమును బట్టి తండ్రి, అవ్వా” అని చెప్పి వచ్చితిని. ఆ జవాబు తప్పు కాదు గాని అది సగము జవాబే. తండ్రి ఎవరో తెలిసినయెడల, ఆ ఇంటిలో ముందుగా పుట్టిన పిల్లలు మనకు ఏమగుదురో కూడ తెలియవలెను. నేను ఆనాడు చెప్పక విడిచిన ఆ సగమును ఈ నెల పాఠములో మీతో కలిసి నేర్చుకొనగోరుచున్నాను.

1. వాగ్దానము ఎప్పుడు వచ్చెను?

దేవుడు అబ్రామును పిలిచినప్పుడు లోకములో ఇశ్రాయేలను పేరు లేదు. ధర్మశాస్త్రము లేదు, యెరూషలేములో దేవాలయము లేదు. ఆ పిలుపులోనే రెండు సంగతులు కలిసియున్నవి. అతనినుండి ఒక గొప్ప జనము కలుగునని ఒకటి, అతని మూలముగా భూమిమీద ఉన్న వంశములన్నియు ఆశీర్వాదము పొందునని రెండవది (ఆది. 12:2, 3). ఈ రెండింటిని ఎన్నడును విడదీయరాదు. మన చెరువు నీరు తూము గుండనే బయటికి రావలెను. తూము ఒకచోట పెట్టినది తక్కిన పొలములను ఎండగట్టుటకు కాదు, వాటన్నిటిని తడుపుటకే. దేవుడు ఒక జనమును ఏర్పరచుకొనుటయు అట్టిదే.

మరియొక సంగతిని గమనించుడి. అబ్రాము దేవుని నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడినదని ఆదికాండము 15:6లో చదువుచున్నాము. అతడు సున్నతి పొందినది 17వ అధ్యాయములో. ఈ రెండింటి నడుమ ఎంతకాలము గడిచెను? ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాముకు 86 ఏండ్లు (16:16). సున్నతి పొందినప్పుడు 99 ఏండ్లు (17:24). కాబట్టి అతడు నీతిమంతుడుగా ఎంచబడిన తరువాత కనీసము 13 సంవత్సరములు సున్నతి లేనివాడుగానే జీవించెను. అపొస్తలుడైన పౌలు రోమా 4వ అధ్యాయములో ఈ లెక్కమీదనే తన వాదమును నిలుపుచున్నాడు. అబ్రాహాము సున్నతి పొందిన విశ్వాసులకు తండ్రి. సున్నతి లేక నమ్మినవారికిని తండ్రి. ధర్మశాస్త్రము వాగ్దానమునకు 430 సంవత్సరముల తరువాత వచ్చినదనియు, వెనుక వచ్చినది ముందు ఇచ్చిన మాటను కొట్టివేయజాలదనియు గలతీయులకు కూడ వ్రాసెను (3:17).

అయితే ఇక్కడనే ఆగిపోయినయెడల మనము పొరబడుదుము. క్రొత్త నిబంధనను దేవుడు ఎవరితో చేసెదనని చెప్పెను? యిర్మీయా 31:31 తెరచి చూడుడి. ఇశ్రాయేలువారితోను యూదావారితోను అని అక్కడ ఉన్నది. ఆ వాక్యములో రోమా పేరు లేదు, జర్మనీ పేరు లేదు, మన కాళహస్తి పేరును లేదు. మన ప్రభువు ఆ రాత్రి గిన్నెను చేతపట్టుకొని క్రొత్త నిబంధనను గూర్చి మాటలాడినప్పుడు, ఆ బల్లయొద్ద కూర్చున్న పన్నిద్దరును ఇశ్రాయేలీయులే. మనము ప్రభువు బల్లయొద్దకు వచ్చునప్పుడెల్ల ఇంకొకరి ఇంట పరచిన విస్తరియొద్ద, ఆ ఇంటివారి కృపచేత, ఆ ఇంటి బిడ్డలుగా కూర్చుండుచున్నాము.

2. పడగొట్టబడిన గోడ

ప్రభువు దినములలో యెరూషలేము దేవాలయమునకు వెలుపల విశాలమైన ఆవరణ ఒకటి ఉండెను. అక్కడివరకు ఎవరైనను రావచ్చును. దానికి లోపలి తట్టున ఒక అడ్డుగోడ ఉండెను. అన్యుడెవడైనను ఈ హద్దు దాటినయెడల వాని చావునకు వాడే బాధ్యుడని చెక్కిన రాళ్లు ఆ గోడకు అమర్చబడియుండెను. ఆ రాళ్లలో ఒకటి 1871లో క్లెర్మో గన్నో అను ఫ్రెంచి పండితునికి యెరూషలేములో దొరికెను. అది ఇప్పుడు ఇస్తాంబులు నగరపు మ్యూజియములో ఉన్నది. అందులోని గ్రీకు అక్షరములు నేటికిని చదువుటకు వీలుగా ఉన్నవి.

పౌలు పట్టబడినదియు ఈ గోడ విషయముననే. ఎఫెసువాడైన త్రోఫిమును దేవాలయములోనికి తెచ్చెనని జనులు అతనిమీద నేరము మోపిరి (అపొ. 21:28, 29). ఆ ఎఫెసు సంఘమునకు వ్రాసిన పత్రికలోనే, క్రీస్తు మధ్యగోడను తన శరీరముచేత పడగొట్టెననియు, దూరస్థులు సమీపస్థులైరనియు, ఇక పరదేశులు కాక దేవుని ఇంటివారైరనియు మనము చదువుచున్నాము.

మన పితరులకు గోడమీద చెక్కిన రాత అక్కరలేకపోయెను. ఊరి బావియొద్ద ఎంత దూరములో నిలువవలెనో, కుండలో నీరు ఎవరు పోయవలెనో, ఏ వీధిలో చెప్పులు విడిచి నడువవలెనో చదువు రాని పిల్లవానికి సైతము తెలిసియుండెను. పరదేశి, బయటివాడు అను మాటల అర్థమును గొప్ప పండితులకంటె మన పల్లెల వృద్ధులు బాగుగా ఎరుగుదురు. అందువలన ఎఫెసీ 2వ అధ్యాయము మనకు దూరపు ఊరి సమాచారము కాదు. అది మన ఇంటి సమాచారము.

3. ప్రకృతికి విరోధమైన అంటు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు రైతులకు అంటుకట్టుట తెలియని పని కాదు. టెంక పాతి మొలిపించిన నాటు మామిడి మొక్కను కోసి, దానికి తోతాపురి వంటి మంచి జాతి కొమ్మను తెచ్చి, కోత కోతను తాకునట్లు జోడించి గట్టిగా కట్టుదురు. వేరు నాటుది, కొమ్మ మేలైనది. కాయ కొమ్మను బట్టి కాయును. మంచి చెట్టును కోసి దానిపై అడవి కొమ్మను కట్టినవానిని చూచినయెడల తోటవారందరు నవ్వుదురు గదా.

దేవుడు ఆ నవ్వబడదగిన పనినే చేసెను. రోమా 11వ అధ్యాయములో పౌలు చెప్పుచున్నది ఇదియే. మంచి ఒలీవ చెట్టు ఇశ్రాయేలు. దాని వేరు పితరులకిచ్చిన వాగ్దానము. కొన్ని కొమ్మలు అవిశ్వాసమువలన విరిచివేయబడెను. అడవి ఒలీవ కొమ్మలమైన మనలను తెచ్చి దేవుడు ఆ మంచి చెట్టునకు అంటుకట్టెను. ఇది స్వభావమునకు విరోధమైన అంటు అని పౌలు తానే ఒప్పుకొనుచున్నాడు (11:24). మన తోటలో మంచి కొమ్మ నాటు వేరును వాడుకొనుచున్నది. దేవుని తోటలో మంచి వేరు నాటు కొమ్మను బ్రదికించుచున్నది. మనయందు ఏదైన మంచి ఫలము కనబడినయెడల అది మన జాతి గొప్పతనము కాదు, ఆ వేరు సారమే. కాబట్టి పౌలు గట్టిగా హెచ్చరించుచున్నాడు. నీవు వేరును మోయుటలేదు, వేరే నిన్ను మోయుచున్నది. విరిచివేయబడిన కొమ్మలను చూచి అతిశయింపకుము.

ఈ హెచ్చరిక రోమా సంఘమునకు ఎందుకు కావలసివచ్చెను? క్రీ.శ. 49 ప్రాంతములో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచిపొమ్మని ఆజ్ఞాపించెను. అకుల, ప్రిస్కిల్ల అట్లు వచ్చినవారే (అపొ. 18:2). క్రీ.శ. 54లో ఆ చక్రవర్తి మరణించిన తరువాత యూదులు తిరిగి వచ్చుచుండిరి. ఆ నడుమ సంఘమంతయు అన్యజనులైన విశ్వాసుల చేతిలోనే ఉండియుండును. ఇల్లు కట్టినవారు తిరిగి వచ్చి తలుపు తట్టగా, లోపలనున్నవారు “మీరెవరు?” అని అడుగు కాలమది. పౌలు తన పత్రికను క్రీ.శ. 57 ప్రాంతములో ఆ సంఘమునకు వ్రాసెను.

4. రెండు తప్పుదారులు

మొదటి తప్పుదారి ఇది: “మనము కూడ ఇశ్రాయేలీయులము కానియెడల వాగ్దానములో మనకు పాలు లేదు” అనుట. ఈ ప్రశ్న యెరూషలేము సభలోనే వచ్చెను (అపొ. 15). అన్యజనులు సున్నతి పొందవలెనా? పేతురు, పౌలు, బర్నబా సాక్ష్యమిచ్చిరి. యాకోబు ప్రవక్తల మాటలను చూపి, దేవునివైపు తిరుగుచున్న అన్యజనులను కష్టపెట్టరాదని తీర్పు చెప్పెను. అన్యుడు అన్యుడుగానే, గ్రీకువాడు గ్రీకు భాషతోనే, తెలుగువాడు తెలుగు నోటితోనే ప్రభువునొద్దకు రావచ్చునని ఆనాడే తీర్మానమాయెను.

మన ఆంధ్రదేశములోనే ఈ ప్రశ్న మరల పుట్టినది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో మాదిగ సముదాయమునకు చెందిన కొన్ని కుటుంబములు, ఒకప్పుడు క్రైస్తవ సంఘములలో ఉన్నవారు, తాము ఎఫ్రాయీము గోత్రపు వారమని 1980ల చివరి భాగము మొదలుకొని చెప్పుచున్నారు. బెనే ఎఫ్రాయీము అని తమకు పేరు పెట్టుకొనిరి. 1991లో సమాజమందిరము ఏర్పరచుకొనిరి. హెబ్రీ భాష నేర్చుకొనుచు విశ్రాంతిదినమును ఆచరించుచున్నారు. వీరినిగూర్చి ఈగొరోవా, పర్వేజ్ అను పరిశోధకులు 2013లో ఒక గ్రంథమును ప్రకటించిరి.

ఈ సహోదరులను మనము ఎగతాళి చేయరాదు. వారి వంశము ఏదియో తీర్పు తీర్చుట మన పని కాదు. తరతరములుగా ఊరి వెలుపల ఉంచబడినవాడు తనకొక గౌరవమైన వంశమును వెదకుట వింత కాదు. వారి ప్రశ్నకు సంఘము సరియైన జవాబు ఇచ్చినదా అని మనలను మనమే అడుగుకొనవలెను. మనము చెప్పగలిగిన జవాబు ఇది. రక్తములో అబ్రాహామును వెదకనక్కరలేదు. మోయాబీయురాలైన రూతుకు ఇశ్రాయేలు రక్తము లేదు. యెరికో పట్టణపు రాహాబుకు లేదు. అయినను మత్తయి తన సువార్త మొదటి పుటలోనే వారిద్దరిని ప్రభువు వంశావళిలో వ్రాసెను. ఊరి వెలుపల పుట్టినవానికి గౌరవము తెచ్చునది రక్తము కాదు, పిలిచిన తండ్రి మాట. మన యిండ్లలో దత్తతకు వచ్చిన బిడ్డను చూడుడి. తండ్రి నలుగురి యెదుట “వీడు నా కొడుకు” అని చెప్పిన తరువాత, వాడు తన రక్తమును ఎవరికిని రుజువు చేయనక్కరలేదు.

రెండవ తప్పుదారి మరింత భయంకరమైనది. “దేవుడు ఇశ్రాయేలును త్రోసివేసెను, వారి స్థలము ఇప్పుడు మనది” అనుట. దేవుడు తన ప్రజలను విసర్జించెనా అను ప్రశ్నకు పౌలు ఎంతమాత్రమును కాదని జవాబు చెప్పెను (11:1). దేవుడు ఇచ్చిన వరములను, పిలుపును వెనుకకు తీసికొనడనియు వ్రాసెను (11:29). అయినను సంఘము ఈ మాటను వినలేదు.

దీనిని మనము ఇతరుల కథగా చెప్పుకొనరాదు. 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ అను పల్లెనుండి మిషనరీలు వచ్చి, నేటి మన తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట, నాయుడుపేటలలో సువార్త పని ప్రారంభించిరి. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిన తరువాత అమెరికా లూథరన్లు ఆ పనిని చేపట్టిరి. ఈ ప్రాంతములో ఎన్నో కుటుంబములు ఆ సేవవలన వాక్యమును వినెను. దానికై దేవునికి స్తోత్రము. అయితే ఆ మిషనరీల దేశమునకు సంస్కరణ తెచ్చిన మార్టిన్ లూథరే 1543లో యూదులకు విరోధముగా ఒక గ్రంథము వ్రాసి, వారి సమాజమందిరములను కాల్చివేయవలెనని సలహా ఇచ్చెను. 1938 నవంబరులో జర్మనీ అంతట సమాజమందిరములు నిజముగానే కాల్చబడెను. ఆ తరువాతి యుద్ధ సంవత్సరములలో సుమారు 60 లక్షల మంది యూదులు చంపబడిరి. ఈ పనిని చేయించినవారు నాజీ పాలకులు. అయినను ఆ దేశపు గుడులలో ప్రతి ఆదివారము రోమా పత్రికను చదువుచుండినవారిలో అనేకులు నోరు మూసికొనియుండిరి. 1994లో అమెరికాలోని సువార్త లూథరన్ సంఘము లూథరు యొక్క ఆ మాటలను బహిరంగముగా నిరాకరించి, యూదులకు తన దుఃఖమును తెలియజేసెను. అంటుకట్టబడిన కొమ్మ గర్వించినయెడల ఆ గర్వము ఎక్కడికి పోవునో ఈ చరిత్ర మనకు చూపుచున్నది.

ఇక్కడ ఒక మాట. ఇశ్రాయేలు అనగానే వార్తలలో వినబడు రాజ్యము మనకు జ్ఞాపకము వచ్చును. ఆ రాజ్యము 1948లో ఏర్పడినది. దేవుడు తన వాగ్దానమును మరువడని నమ్ముట ఒక సంగతి. ఒక ప్రభుత్వము చేయు ప్రతి పనియు నీతియే అనుట మరియొక సంగతి. ఇశ్రాయేలు రాజులను అందరికంటె కఠినముగా గద్దించినవారు ఇశ్రాయేలు ప్రవక్తలే. ఆ దేశములో అరబు క్రైస్తవులును మనవలె అంటుకట్టబడిన కొమ్మలే. కాబట్టి యెరూషలేము కొరకు ప్రార్థించునప్పుడు అక్కడ ఏడ్చు తల్లులందరి కొరకు ప్రార్థించుడి.

5. మన గుడిలో గోడలున్నవా?

ప్రియులారా, మనలో యూదులను చూచినవారే అరుదు. అట్లయిన అతిశయింపకుమను మాట మనకెందుకు? ముందుగా వచ్చినవారిని త్రోసివేయుట, వెనుక వచ్చినవారిని దూరముగా ఉంచుట, ఈ రెండును ఒకే వేరునుండి పుట్టుచున్నవి. తానే చెట్టు అనుకొను కొమ్మ ఈ రెండింటిని చేయును.

మూడు తరముల క్రితము బాప్తిస్మము పొందిన కుటుంబము నిన్న బాప్తిస్మము పొందినవానిని వెనుక చాపమీద కూర్చుండబెట్టుట లేదా? ఇది ఈ పల్లెవారి గుడి, అది ఆ పల్లెవారి గుడి అని ఒక్క ఊరిలోనే రెండు గంటలు మ్రోగుట లేదా? సమాధుల స్థలములో సైతము గట్టు వేసికొనుట లేదా? పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు రక్షణను గూర్చి అడుగకమునుపే కులమును గూర్చి అడుగుట లేదా? ఊరి బావియొద్ద మనలను దూరముగా నిలిపినవారిని గూర్చి మనము దుఃఖముతో చెప్పుకొందుము, అది న్యాయమే. అయితే క్రీస్తు తన శరీరముచేత పడగొట్టిన గోడ రాళ్లను మనమే ఏరితెచ్చి గుడిలో మరల పేర్చినయెడల ప్రభువునకు ఏమి జవాబు చెప్పుదుము?

6. అవ్వకు చెప్పవలసిన జవాబు

మరల ఆ పల్లెకు పోయినప్పుడు ఆ అవ్వయొద్ద కూర్చుండి మిగిలిన సగమును చెప్పెదను. “అవ్వా, అబ్రాహాము మనకు తండ్రి వరుస. తండ్రి అయినందున, ఇశ్రాయేలు మనకు అన్న వరుస. మనము ఆ ఇంటికి దత్తతకు వచ్చినోళ్లం. దత్తతకు వచ్చిన బిడ్డకు ఆస్తిలో పూర్తి పాలుంటుంది, ఎవరి యెదుటా తల దించనక్కరలేదు. అట్లని ఇంటి పెద్దకొడుకును బయటికి నెట్టే అధికారమూ లేదు.”

ఇశ్రాయేలు దేవుని జ్యేష్ఠపుత్రుడని నిర్గమకాండము 4:22 చెప్పుచున్నది. తప్పిపోయిన కుమారుని ఉపమానము చివర తండ్రి ఎక్కడ ఉన్నాడు? లోపల విందు జరుగుచుండగా ఆయన వెలుపలికి వచ్చి పెద్ద కుమారుని బతిమాలుచున్నాడు (లూకా 15:28). లోపల చేరిన చిన్నవాడు అన్న మీద తలుపు గడియ వేయవచ్చునా? విరిగిన కొమ్మలను మరల అంటుకట్టుటకు దేవుడు శక్తిగలవాడని పౌలు నిరీక్షించెను (11:23). వారి వంతు ఎప్పుడు, ఎట్లు అనునది ఆయన మర్మము. అందరిని కరుణించుట ఆయన ఉద్దేశము (11:32). మన పని వేరును మరువక, ఫలించి, తలుపు తెరచియుంచుటయే.

ప్రభువు మనకందరికి అట్టి దీనమనస్సును దయచేయును గాక. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు

1. అబ్రాహాము సున్నతికి ముందే నీతిమంతుడుగా ఎంచబడుట మనకు ఏమి ధైర్యమిచ్చుచున్నది?
2. మామిడి అంటునకును పౌలు చెప్పిన ఒలీవ అంటునకును భేదమేమి?
3. మన సంఘములో క్రొత్తగా వచ్చినవారు ఎక్కడ కూర్చుండుచున్నారు? వచ్చే ఆదివారము వారి ప్రక్కన ఎవరు కూర్చుందురు?